అర చెంచా సున్నం

వాల్పరైసోలో పొద్దుటి పొగమంచు
కొండమెట్లు ఎక్కలేక సగంలో చతికిలపడుతుంది.
ఆ మంచు పేరే పెట్టాడు ఎవరిస్తో కుక్కపిల్లకి: బ్రూమా.
రేవులో తాళ్లచుట్ట కింద దొరికింది,
తడిసిన మసిగుడ్డలా.

ముప్పై ఒక్క ఏళ్లు సరుకు ఓడల మీద వంటవాడు.
తుపానులో కూడా చారు ఒలకనివ్వలేదని
అడగకపోయినా చెబుతాడు.
దుకాణంలో కుక్కమేత సంచి చూసి నవ్వాడు:
"నలభై మంది ఆకలి తీర్చిన చెయ్యే ఇది,
నీకు గులకరాళ్లు పోస్తానా?"

పోయలేదు.
మాంసం కొట్టు నుంచి మెత్తటి ముక్కలు, గుండెకాయ,
పండగైతే కాలేయం, పండగ కాకపోయినా కాలేయం.
గుప్పిటే తూకం, కన్నే కాటా.
బ్రూమా గిన్నె నాకే చప్పుడు
మూడిళ్ల అవతలికి వినపడేది.
ఆ చప్పుడు వింటూ అతను
రొట్టెముక్క టీలో ముంచుకునేవాడు.

ఏడో నెలలో మెట్ల మీద ఆగిపోయింది.
ముందు ఒక కాలు కుంటింది,
వారం తిరిగేసరికి ఏ కాలు కుంటుతోందో
చెప్పడం కష్టమైంది.
ఎత్తుకుంటే కుయ్యిమంది.

ఎక్స్‌రేని వెలుతురుకి ఎత్తి పట్టింది డాక్టర్ మిరేయా.
ఎముకలుండాల్సిన చోట
ఎముకలున్నాయేమో అన్న అనుమానం.
"ఏం పెడుతున్నారు?"
"మాంసం. నేను తినేదానికంటే మంచిది."
"మాంసం ఒక్కటేనా?"

ఆ "ఒక్కటేనా" ముందు
ముప్పై ఒక్క ఏళ్ల వంట
చేతులు కట్టుకుని నిలబడింది.

"సంచి మేత కొన్నా తప్పులేదు," అందామె,
"వండే తీరతానంటే మాత్రం తూచి వండండి.
మీ ప్రేమలో అన్నీ ఉన్నాయి.
సున్నం లేదు."

కాటా కొన్నాడు. సిగ్గుపడుతూనే కొన్నాడు,
ఈతగాడు చేతికర్ర కొన్నట్టు.
ఇప్పుడు వంటింటి గోడకి ఒక చీటీ:
ముళ్లు తీసి ఉడికించిన చేప ఇంత, అన్నం ఇంత,
గుమ్మడికాయ ఇంత, కాలేయం బొటనవేలంత,
ఉప్పు వద్దు, ద్రాక్ష వద్దు,
పూటకి అర చెంచా గుడ్డుపెంకు పొడి.
అడుగున ఎర్ర సిరాతో రెండు గీతలు: ఉల్లి వద్దు.

ఉల్లి చేసే మేలు తల్లి కూడా చేయదంటారు మనలో.
ఈ ఇంట్లో మాత్రం తల్లి చేసే మేలు
ఉల్లిని గడప దాటనివ్వకపోవడమే.
ఉల్లి లేకుండా పొయ్యి ముట్టించడం
ఓడ వంటవాడికి ఎంత కష్టమో
ఉల్లి తరిగి ఏడ్చినవాళ్లకే తెలుసు.

గుడ్లు తినే మనిషి కాదు ఎవరిస్తో.
పెంకుల కోసం తలుపులు తట్టాడు.
కేకులు చేసి అమ్మే ఓడిలియా
రోజూ ఒక సంచి తగిలించి పోతుంది, అతని తలుపు గడియకి.
పై మెట్ల కవల పిల్లలు కడగకుండా తెస్తారు, కసురుతాడు,
కడిగి ఆరబెడతాడు.
ఎనిమిదేళ్లుగా తనతో మాటల్లేని మత్స్యకారుడు
ఒకరోజు నాలుగు పెంకులు
గుమ్మంలో పెట్టి వెళ్లాడు.
ఇప్పటికీ మాటల్లేవు. పెంకులున్నాయి.

వాటిని పొయ్యి వేడిలో ఎండబెట్టి
కాఫీ మరలో విసురుతాడు.
వచ్చిన వాళ్లందరికీ అదే మరలో కాఫీ.
ఎవరూ ఏమీ అనరు.

రెండో ఎక్స్‌రే నాడు
మిరేయా వేలితో ఒక అంచు చూపించింది,
సన్నగా, తెల్లగా,
సుద్దముక్కతో ఇప్పుడే గీసినట్టు.
తర్వాత కాగితాలు సర్దుకుంటూ
మామూలుగా అడిగింది:
"మరి మీరేం తింటున్నారు?"

అతను కిటికీ వైపు చూశాడు.

ఆ రాత్రి గిన్నెలో
ఇంకో గుప్పెడు బియ్యం పడింది.
బ్రూమా వాటా తూచి, తీసి, చల్లార్చి,
తలుపు వేసి,
మిగిలినదాంట్లో ఉప్పు వేసుకున్నాడు.
చిన్న పెనం మీద, తనకోసం,
ఒక ఉల్లిపాయ.

తలుపు అవతల గిన్నె నాకే చప్పుడు.
ఇవతల చెంచా చప్పుడు.